ఎడమ తలుపు

ఫిబ్రవరి 9, ఆదివారం. ప్రొద్దుటూరు

ఓమ్నీ వచ్చింది. తెలుపు. పులివెందులలో చీనీకాయల వ్యాపారి వాడిన బండి. అమ్ముతున్నారని అక్కడున్న మా కూతురు యాస్మిన్ ఫోన్ చేసి చెప్పింది. తలుపు తీస్తే ఇంకా చీనీకాయల వాసన. కువైట్‌లో ఏళ్ళ తరబడి పరుల పిల్లల్ని ఎత్తుకుని మిగుల్చుకున్న దానితో కొన్నాను. ఆర్‌సీ నా పేరు మీదే ఉంది. ఖమ్రున్నీసా అని. ఇక్కడెందుకు రాస్తున్నానంటే, ఇంట్లో ఆ మాట ఎవరూ నోటితో అనడం లేదు.

పులివెందుల నుంచి తోలుకొచ్చింది మా మరిది అన్సర్. దిగి తాళం తన జేబులో వేసుకున్నాడు. ఇటియ్యి అన్నాను. నీకెందుకు వదినా, నువ్వేమన్నా తోల్తావా ఏంది, అన్నాడు. తోల్తా, అన్నాను. అన్సర్ నవ్వాడు. మా ఆయన వలి బాషా నవ్వలేదు. లేచి లోపలికి పోయాడు.

ఫిబ్రవరి 10

పొద్దున్నే పంచాయితీ. అన్సర్ మాట: బండి నేను తోల్తా, జమ్మలమడుగుకు ట్రిప్పులు కొడ్తా, నీకు పనున్న్యాడు ఎనక కూచో వదినా, రాణి మాదిరి తిప్పుకోనొస్తా. నా మాట: నైటీల మూటలు బస్సులో వేసుకుని రాజుపాలెం పల్లెలన్నీ అమ్ముకుంటూ తిరుగుతున్నాను, కండక్టర్లతో తిట్లు తింటున్నాను, ఆ మూటల కోసమే బండి కొన్నాను, రాణి కోసం కాదు.

చివరికి తెగిన మాట. బక్రీద్ లోపల లైసెన్స్ వస్తే తాళం నాది. రాకపోతే బండి అన్సర్ తోలుకుంటాడు, నేను అడగకూడదు.

మా ఆయన అంతసేపూ గోడకు ఆనుకుని ఉండి చివర్లో ఒక్కటే అన్నాడు. తెచ్చుకో, తెచ్చుకోకపో. నేను మాత్రం ఆ బండెక్కను. పెండ్లాం తోల్తాంటే పక్కన కూచోని బజార్లో పోయేది నాతో గాదు.

సరే.

ఫిబ్రవరి 13

నాకు తెలిసిన బండ్లు.

మొదట నాన్న సైకిల్, ముందు రాడ్ మీద. తర్వాత కన్నుపడింది బట్టల అంగడి బదరీనారాయణ జావా మోటార్‌సైకిల్ మీద. ముదురు ఎరుపు. అంగడి ముందు నిలబెట్టి పసిపిల్లను తుడిచినట్టు తుడిచేవాడు. దాని ట్యాంకులో ముఖం చూసుకున్నాను. ఏమ్మే, అద్దమనుకున్యావా, అని తరిమాడు. ఇప్పుడు అదే అంగడిలో నైటీలు తెచ్చుకుంటున్నాను. జావా ఏమైందని ఆయన కొడుకును అడిగితే తెలీదన్నాడు.

పెళ్ళయ్యాక రాజ్‌దూత్. మా ఆయన ఇళ్ళకు బండలు పరిచే మేస్త్రీ. వెనక ఒక పక్కకు కాళ్ళు వేసి, ఆయన తాపీ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. రెండుసార్లు పడేశాడు. ఒకసారి మైలవరం దగ్గర ఇసుకలో. ఇంకోసారి బుర్ఖా అంచు చైనులో చిక్కుకుని. మడమ మీద మచ్చ ఉంది. దాని తర్వాత టీవీఎస్. ఆయన మోకాళ్ళు పోయాక అదీ పోయింది.

కువైట్‌లో జీఎంసీ. ఇల్లంత కారు. నాది చివరి వరస, పిల్లల మధ్య. ఇంటి పెద్దావిడను మామా అని పిలవాలి. అరవై దాటిన మనిషి, కారు తనే తోలేది. నాకు ఆ కారు కంటే ఆమె తోలడమే ఎక్కువ నచ్చేది. చలికాలంలో వాళ్ళు ఎడారిలో గుడారాలు వేసుకుంటారు. అక్కడ నీళ్ళ డబ్బాలు మోయడానికి ఒక పాత డాట్సన్ పికప్ ఉండేది. ఒకరోజు డ్రైవర్ రాలేదు. మామా తాళం నా ఒళ్ళో పడేసి నీళ్ళు తెమ్మంది. నాకు రాదన్నాను. ఇసుకకు దెబ్బ తగలదులే, పో, అంది. నేర్పింది కూడా ఆమే. ఆ తర్వాత చలికాలమంతా ఆ డాట్సన్ నాదే. ఇసుకలో మాత్రమే. రోడ్డెక్కలేదు.

ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. వాళ్ళు అడగలేదు.

మార్చి 4. జమ్మలమడుగు

ప్రొద్దుటూరులో నేర్చుకుందామంటే వీధికొక చుట్టం. అందుకని బస్సెక్కి ఇక్కడికి వచ్చాను. జగదీష్ డ్రైవింగ్ స్కూల్. ఒక ఆల్టో, ఒక జగదీష్, అంతే.

బండి చూడగానే పోయి తలుపు తీసి కూర్చున్నాను. జగదీష్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. అక్కా, అది నా సీటు, అన్నాడు. చూస్తే ముందు స్టీరింగ్ లేదు. కువైట్‌లో స్టీరింగ్ ఎడమ పక్క ఉంటుంది. నా కాళ్ళకు ఆ తలుపే తెలుసు. ఇటు పక్కకు వచ్చి కూర్చున్నా అంతే. గేరు కోసం కుడి చెయ్యి పోయి తలుపును తడుముతోంది. జగదీష్ నవ్వి నవ్వి దగ్గాడు. గల్ఫ్ నుంచి వచ్చినోళ్ళందరికీ ఇదే రోగం అక్కా, నెల దినాలు తలుపును గోకుతాంటారు, అన్నాడు.

మార్చి 12

రంజాన్ రోజాలో ఉన్నాను. నోరు ఎండిపోయింది. గండికోట రోడ్డులో, కువైట్‌లో బండ్లన్నీ పోయే కుడి పక్కకు ఎక్కేశాను. ఎదురుగా బండల ట్రాక్టర్. జగదీష్ కాలి కింద ఇంకో బ్రేకుంది. దాన్ని తొక్కాడు. ట్రాక్టర్ అతను దిగి, సచ్చేదుంటే పెన్నాలోకి పోండప్పా, నా బండలేం జేసినాయి మీకు, అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు జగదీష్ అన్నాడు. రేపు కూడా వస్తావా అక్కా? అడిగిన తీరు చూస్తే రావద్దన్నట్టే ఉంది.

మార్చి 13

పోయాను.

ఏప్రిల్ 16. ప్రొద్దుటూరు

ఫెయిల్.

ఆర్టీఓ ఆఫీసులో టెస్టు, జగదీష్ ఆల్టోలోనే. ఎనిమిది బాగా వేశాను. రివర్సు బాగా వచ్చింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండెక్కలేదు. గేటు దగ్గర నిలబడి, రోడ్డు మీదికి పోయి తిప్పుకుని రా అన్నాడు. గేటు దాటాను. తిన్నగా కుడి పక్కకు పోయాను. పాలవ్యాను హారన్ కొట్టుకుంటూ ఆగింది. ఇన్‌స్పెక్టర్ నడుచుకుంటూ వచ్చి, అమ్మా, తోలడం బాగా వచ్చు నీకు, దేశమే తప్పింది, అన్నాడు. మంచిగానే అన్నాడు. సంతకం పెట్టలేదు.

గేటు దగ్గర అన్సర్. ఎవరు చెప్పారో. ఎందుకు నిలిపినావు వదినా, అట్లే పోయింటే కువైట్ వస్తాండె, అని అరిచాడు. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు.

ఏప్రిల్ 17

వీధంతా పాకింది. కొళాయి దగ్గర పక్కింటి లాల్‌బీ, ఏమక్కా, కువైట్‌కు రోడ్డేస్తాండావంట, అంది. ఏస్తాండా, తట్ట మోసేదానికి నువ్వొస్తావా, అన్నాను. బిందె ఎత్తుకుని పోయింది.

 

మే 5. జమ్మలమడుగు

జగదీష్ ఒక ఉపాయం చెప్పాడు. ఎడమా కుడీ మర్సిపో అక్కా. నువ్వెప్పుడూ నడిరోడ్డు పక్క ఉండాల, నీ పక్క సీటోడు కాలవ పక్క ఉండాల. అంతే లెక్క.

అదే పట్టుకున్నాను. పక్క సీట్లో అతనుంటే ఒక్క తప్పు కూడా పోవడం లేదు. అతను దిగి, ఒక్కదాన్నే పొమ్మంటే మళ్ళీ కుడికి లాగుతోంది. ఖాళీ సీటే నాకు గండం.

మే 21. ప్రొద్దుటూరు

నైటీల మూట ఒకటి తీసుకుపోయి పక్క సీట్లో పెట్టి బెల్టు వేశాను. ఇదేందమ్మా అన్నాడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్. పక్క సీటు మనిషి సార్, అన్నాను. కాసేపు నన్ను, కాసేపు మూటను చూసి పొమ్మన్నాడు. గేటు దాటాను. మూటను కాలవ పక్కకు పెట్టుకుని ఆ చివరిదాకా పోయి తిప్పుకుని వచ్చాను.

పాస్.

జగదీష్ ఆల్టో బానెట్ మీద చెయ్యేసి, బతికినావే తల్లీ, అన్నాడు. బండితోనే అన్నాడు.

మే 23

తాళం కోసం అన్సర్ ఇంటికి పోయాను. బొరుగుల ఉగ్గాని తింటున్నాడు. లైసెన్స్ వచ్చింది సరే వదినా, మా అన్న ఎక్కుతాడా అడుగు. మొగుడే ఎక్కని బండిని చూసి నలుగురు ఏమనుకుంటారు? ఆయప్ప ఎక్కిన్యాడు రా, బండి నేనే కడిగి తాళమిస్తా.

ఆయన ఎక్కేదీ, నువ్వు కడిగేదీ మన మాటలో లేవు, అన్నాను. గోడకు మేకుంది. మేకుకు తాళం ఉంది. తీసుకున్నాను. ఉగ్గాని చేత్తో లేవలేకపోయాడు.

మే 27. రాజుపాలెం

మొదటి బేరం. పక్క సీట్లో మూట, వెనక మూటలు. రచ్చ దగ్గర నిలిపితే ఒక ముసలామె బండి చుట్టూ తిరిగి, డ్రైవరు యాడికి పోయినాడు మే, అంది. నేనేనవ్వా, అన్నాను. అట్లయితే ఈ ఆకుపచ్చది ఇంకొంచెం తగ్గించు, అంది. ఎందుకో అర్థం కాలేదు. తగ్గించాను.

జూన్ 3

మా ఆయనకు మోకాలి సూది. ఎక్కు అన్నాను. కర్ర ఆనించుకుంటూ పోయి ఆటో ఎక్కాడు. నేను ఓమ్నీ స్టార్ట్ చేసి ఆటో వెనకే పోయాను. అది నిలిస్తే నిలిచాను. తిరిగితే తిరిగాను. ఆటో అతను వెనక్కి చూసి చూసి, ఎవరు మామా ఆయమ్మ, మనల్ని ఇడిసిపెట్టకుండా వస్తాంది, అని అడిగాడట. తెలీదన్నాడట ఈయన. ఆస్పత్రి మెట్ల దగ్గర ఆ ఆటో అతనే నాకు చెప్పాడు, జాగ్రత్తమ్మా ఆ ముసలాయనకు నువ్వంటే భయం, అని.

తిరిగొచ్చేటప్పుడూ ఆటోనే. నేనూ వెనకే.

ఇంట్లో అడిగాను. రాజ్‌దూత్ మీదినుంచి రెండుసార్లు పడేసినావు. మూడోసారి ఎక్కనన్నానా? ఒక్కసారన్నా అన్నానా?

బీడీ వెలిగించుకున్నాడు. ఆరిపోయింది. మళ్ళీ వెలిగించలేదు.

జూన్ 7. బక్రీద్

పండగ. రాయడానికేమీ లేదు. తాళం నా దగ్గరే ఉంది.

జూన్ 9, సోమవారం

జమ్మలమడుగుకు మూటలు సర్దాలి. ఒకటి పక్క సీట్లో పెడదామని పోయి ఎడమ తలుపు తీశాను. కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని, బెల్టు వేసుకుని కూర్చున్నాడు. కొత్త చొక్కా.

మూట ఎనకెయ్యి, అన్నాడు. వేశాను. అటు తిరిగొచ్చి కూర్చున్నాను.

అన్సర్ ఇంటి ముందర హారన్ కొట్టు మే, అన్నాడు.

కొట్టాను.