ఒక్క ముద్ద

బుధవారం, పడుకునే ముందు

బరువు తగ్గాలని మూడు రాత్రులు తిండి మానేసినందుకు ఈ రోజు కుట్టు మిషను మీదే కళ్లు తిరిగి పడ్డాను. నాయన అంగడి మూసి ఆసుపత్రికి తీసుకుపోయాడు. బరువు చూసిన నర్సమ్మ అంది, "కడుపు మాడ్చుకుంటే తగ్గవప్పా. ఇట్లే ఉంటే ఈ వయసుకే మోకాళ్లు పోతాయి. రెండు సంగటి ముద్దలు తినే తావున ఒకటి తిను. రోజూ నడువు." సిగ్గుతో తలూపాను.

ఆసుపత్రి నుంచి వచ్చి మళ్లీ అంగడి తీశాం. సాయంత్రం అక్కడి నుంచి ఇంటికి నడిచే వచ్చాను. కాళ్లు లాగేస్తున్నాయి. "అమ్మా, ఇంక నాకు సంగటి ఒక్క ముద్దే పెట్టు" అన్నాను.

అమ్మ ఒకటే పెట్టింది. కానీ అది రెండు ముద్దలంత ఉంది. పళ్లెంలో పప్పు పోయడానికి చోటు లేదు.

"ఇదేందిమా?"

"ఒకటే కదప్పా పెట్టినా."

నాయన నవ్వాడు. అమ్మ నవ్వలేదు. "పొద్దున కళ్లు తిరిగి పడినోనికి చిన్న ముద్ద చేసేకి నాకు చేతులు రాల్యా" అంది.

సగం తుంచి ఆమె పళ్లెంలో పెట్టాను. ఆమె దాన్ని ముట్టకుండా నన్నే చూస్తూ కూర్చుంది.

అంగట్లోనే తిన్నానని అబద్ధం చెప్పి పస్తు పడుకోవడమే సులువుగా ఉండేది. రోజూ ఆమె ఎదురుగా ఇట్లా సగం తుంచగలనో లేదో.