ప్రశ్నకా, నవ్వుకా?

బుధవారం, ఆళ్లగడ్డ

నిద్ర పట్టడం లేదు. నంద్యాల విత్తనాల కంపెనీ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. తిరుగు బస్సులో ఉండగానే ఫోన్ చేశారు.

ఇంటర్వ్యూ చివర్లో మేనేజరు, "నువ్వేమన్నా అడగాల్నామ్మా?" అన్నాడు. జీతం సంగతి అడుగుతాననుకున్నట్టున్నాడు.

"నాకంటే ముందు ఈ పని చేసినామె ఎందుకు మానేసింది సార్?"

టీ గ్లాసు కింద పెట్టాడు. "ఒక లాటు విత్తనం సరిగా మొలకెత్తల్యా. బాగుందని రాయమంటిమి. రాయల్యా, పోయింది. నువ్వైతే ఏం చేస్తావ్?"

ఏదో ఒకటి చెప్పాల్సింది. నవ్వి ఊరుకున్నాను.

అన్నం తినేటప్పుడు నాయనకు నా ప్రశ్న చెప్పాను. "శానా బాగా అడిగినావమ్మా!" అని మురిసిపోయాడు. మేనేజరు ఏమన్నాడో మాత్రం నేను చెప్పలేదు. నా నవ్వు సంగతి అసలే చెప్పలేదు.

ఇంతకీ ఉద్యోగం ఇచ్చింది నా ప్రశ్నకా, ఆ నవ్వుకా?

వసారాలో తడిగుడ్డ మూట ఉంది. విత్తే ముందు మొలక చూసుకోవడం నాయనకు అలవాటు. ఈసారి కట్టింది ఆ కంపెనీ జొన్నలే. నన్ను సోమవారం చేరమన్నారు. నాయన అంతకు ముందే మూట విప్పుతాడు.