ఆలోచిస్తున్నవాణ్ణి కదపకూడదు

మా మౌనముని బావకు,

ముందుగా, ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న నా చెల్లెలికి ఒక మాట. అమ్మా, మధ్యలో మింగెయ్యకుండా ఉన్నది ఉన్నట్టు చదువు. ఆసుపత్రిలో బావ ఉన్న గదిలోకి ఒక్కరినే రానిస్తారట, ఆ ఒక్కరూ నువ్వే అయ్యావు. "నువ్వొస్తే ఏడుస్తావు, లేకపోతే జోకులేస్తావు. రెండూ నావల్ల కాదు" అని నన్ను వరండా బల్ల మీద కూలేశావు. సరే. తెలిసినవాళ్ల మాటలు చెవిన పడుతుంటే మంచిదని డాక్టరమ్మ అంది కాబట్టి, నా మాటలు నీ గొంతుతో పంపుతున్నాను.

బావా, వినపడుతోందా? నువ్వు జవాబివ్వకపోవడం నాకేం కొత్త కాదులే. అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేరుస్తూ ముసలివాణ్ణయ్యాను. బడి మొహం చూడకుండానే వైద్యం, వేదాంతం, వంటలు అన్నీ చదివాను, కాకపోతే తలకిందులుగా. అందుకే నా తెలివి కూడా అలాగే తగలడిందని నువ్వనేవాడివి. ఒకసారి గుండె జబ్బుల పుస్తకం పేరుస్తూ ఒక పేజీని వంటల పుస్తకంలో కలిపేశాను. ఆ వంట ఎవరైనా వండారో లేదో తెలియదు. ఇదిగో, దారి తప్పాను.

నీకేం జరిగిందో నీకు తెలియదు కదా, చెప్తాను. మన చదరంగం క్లబ్బులో నువ్వు పెట్టిన రూలే: ఆలోచిస్తున్నవాణ్ణి కదపకూడదు, నోరు విప్పినవాడు ఆట ఓడినట్టే. ఆ సాయంత్రం నీ మంత్రి నా గుర్రానికి చిక్కింది. నువ్వు గోడకు జారగిలబడి గడ్డం గుండెల మీదికి వాల్చేశావు. ఎప్పుడూ చేసేదేగా! నేను లోలోపల మురిసిపోతున్నాను. దర్జీ నాకు కన్ను గీటాడు. పళ్ల డాక్టరు పేపరు అంచున "ముని తపస్సులోకి వెళ్లాడు" అని రాసి అందరికీ చూపించాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం. నీ గుండె ఆగిపోయి ఉంది బావా, మేం నవ్వుకుంటున్నాం.

దర్జీని ఇంటికి లాక్కెళ్లడానికి అతని భార్య వచ్చింది. వస్తూనే, "ఇదేంటి, ఈయన పెదాలు నీలంగా ఉన్నాయి?" అంది.

"ష్!" అన్నాడు దర్జీ.

ఆవిడ ఊరుకోలేదు గనుక బతికావు. నిన్ను నేల మీద పడుకోబెట్టి పళ్ల డాక్టరు గుండెల మీద అదిమి అదిమి నొక్కుతుంటే బోర్డు మీద పావులన్నీ చెదిరిపోయాయి. అంబులెన్సులో నీ గుండె మళ్లీ కొట్టుకుంది. కానీ అంతసేపూ మెదడుకు గాలి అందలేదట. ఎంతసేపో ఎవరికీ తెలియదు. ఎలా తెలుస్తుంది, చూస్తూ కూర్చున్నవాళ్లం మేమే కదా.

లే బావా. ఆట నువ్వే గెలిచావని ఒప్పుకుంటాను.

నీకు బావ, నీ పెళ్లానికి అన్న

బావా,

డాక్టరమ్మ ఇవాళ నన్నూ చెల్లెల్నీ కూర్చోబెట్టి మాట్లాడింది. మత్తుమందు ఆపి చాలా రోజులైంది. కళ్లలోకి లైటు వేస్తే పాపలు ముడుచుకుంటున్నాయట, అది మంచిదే. గోరు నొక్కితే మాత్రం చెయ్యి లాక్కోవడం లేదట, అది మంచిది కాదు. "ఉదయం కళ్లు తెరిచాడుగా?" అన్నాను ఆశగా. "కళ్లు తెరవడం వేరు, మేలుకోవడం వేరు తాతగారూ" అంది. ఆవిడది కత్తిలాంటి నోరు, అబద్ధం మాత్రం చెప్పదు.

"లేవచ్చు, ఇలాగే ఉండిపోవచ్చు. లేచినా పాత మనిషి ఎంత మిగులుతాడో ఎవరూ చెప్పలేరు. మీరు సరేనంటే ఊపిరి గొట్టం తీసేస్తాం, బాధ లేకుండా చూస్తాం. ఇంకొన్నాళ్లు చూద్దామన్నా చూస్తాం" అంది.

చెల్లెలు నోరు తెరిచింది. దానికంటే ముందు నేనే అందుకున్నాను: "మావాడు ఆలోచిస్తున్నాడమ్మా. ఆలోచిస్తున్నవాణ్ణి కదపకూడదు." చెల్లెలు నా వంక ఒక చూపు చూసి తల దించుకుంది. పాపం, ఎంత సంతోషించిందో!

నర్సు దాన్ని తెగ మెచ్చుకుంటోంది. "మీ చెల్లెలుగారు ఎంత బాగా చదువుతారండీ, గంటలకొద్దీ, చెవి దగ్గర కూర్చుని!" అంది. నేను రాసేది రెండు పేజీలు. పదే పదే చదువుతోంది కాబోలు. ఇంత అభిమానం దాని కడుపులో ఉందని నాకే తెలియదు. నువ్వు బోర్డు ముందు కూర్చుంటే అడుగుల చప్పుడైనా లేకుండా పిల్లిలా తిరిగే మనిషి కదా!

నీకు బావ

అన్నయ్యా,

నువ్వే గెలిచావు. ఆయన లేచారు, ఇంటికొచ్చేశారు, నడుస్తున్నారు, అడిగి అన్నం పెట్టించుకుంటున్నారు. వచ్చి చూస్తానన్నావు కదా, అందుకే రాస్తున్నాను.

నీ ఉత్తరాలు నేను చదవలేదు. మొదటి దాంట్లో నాలుగు ముక్కలు చదివాను, అంతే. తర్వాత ఆ కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని నా మాటలు నేను చెప్పుకున్నాను. ఎదురు చెప్పలేని స్థితిలో ఆయన నాకు దొరికింది అప్పుడే.

మొదటి కాన్పు నొప్పులొచ్చినప్పుడు ఆయన బోర్డు ముందు ఉన్నారు. పిలిచాను. చెయ్యి ఎత్తారు, ఆగమని. ఆగాను అన్నయ్యా. గుమ్మం పట్టుకుని, పైట చెంగు నోట్లో కుక్కుకుని, ఆ ఎత్తు వేసేదాకా నిలబడ్డాను. బిడ్డ దక్కలేదు. బండి దొరకలేదని మీ అందరికీ చెప్పాను. ఆయన కూడా అదే చెప్పారు. చెప్పి చెప్పి నమ్మేశారు.

అది ఆయన చెవిలో రోజూ చెప్పాను. లేవొద్దని కూడా చెప్పాను. ఆ రోజు డాక్టరమ్మ ముందు "తీసేయండి" అనడానికే నోరు తెరిచాను. నువ్వు నాకంటే ముందే అనేశావు. మీ ఇద్దరి మధ్యా నా మాట ఎప్పుడు సాగింది గనక!

ఇప్పుడు ఆయనకి నేనెవరో తెలియదు. నిద్ర లేవగానే "మా ఆవిడ ఏదమ్మా?" అంటారు. నేనేనంటే నవ్వుతారు. "ఊరుకోండి, మా ఆవిడ కొత్త పెళ్లికూతురు, మీరు పెద్దవారు" అంటారు. ఇవాళ విన్నది రేపటికి నిలవదు. ఇక ఇంతేనంది డాక్టరమ్మ.

మొన్న కాఫీ ఇస్తే, "ఏమ్మా, అలా ఉన్నారేం?" అని అడిగారు. ఇన్నేళ్లలో ఒక్కసారి అడగలేదు. చెప్పాను. నొప్పులు, గుమ్మం, ఎత్తిన చెయ్యి, అన్నీ. ఎవరి సంగతో అన్నట్టు విన్నారు. వింటూ వింటూ కాఫీ పక్కన పెట్టేసి వెక్కి వెక్కి ఏడ్చారు. నా చెయ్యి పట్టుకుని, "వాడసలు మనిషేనా అమ్మా? అలాంటివాణ్ణి ఎలా భరించావు?" అన్నారు.

నిన్నా చెప్పాను. నిన్నా అలాగే ఏడ్చారు. ఇవాళ లేవగానే ఏమీ తెలియని మొహంతో కాఫీ అడిగారు. ఇచ్చి, ఎదురుగా కుర్చీ వేసుకుని మళ్లీ మొదలుపెట్టాను.

నువ్వు ఇప్పుడప్పుడే రావద్దు. వస్తే కదపొద్దంటావు. నాకింకా చెప్పాల్సింది చాలా ఉంది.

నీ చెల్లెలు