పట్నపోళ్ల ఓట్లు

నాచారం,
ఆదివారం.

అత్తమ్మకు నీ కోడలు స్వర్ణలత దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేమందరం బాగానే ఉన్నాం. నీ కొడుకు ప్రశాంత్‌కు రెండో షిఫ్టు పడింది, సాయిప్రియ రోజూ బడికి పోతోంది. నువ్వే ఎండలో గడపగడపకూ తిరుగుతున్నావట. సర్పంచ్ పదవి ఐదేళ్లే, మోకాళ్లతో మాత్రం చివరిదాకా పని ఉంటుంది, జాగ్రత్త.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని అనుకోకు. నువ్వు నామినేషన్ వేసినప్పటి నుంచి నీ ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటోంది. నేను "అత్తమ్మా" అంటే ఇంకెవరో "ఆఁ" అంటున్నారు. ఈ మాట నీ ఒక్కదానికే చెప్పాలి. రాయడం, చింపడం, మళ్లీ రాయడం. పొద్దున పాలు కూడా పొంగించేశాను.

నీ చెల్లెలి కొడుకు ధీరజ్ వచ్చి నీ ఉత్తరం, కరపత్రాలు ఇచ్చి వెళ్లాడు. బండ్ల సంగతి అడిగావు కదా. నాచారం, ఉప్పల్, నారపల్లి, దమ్మాయిగూడలో మన ఊరివాళ్లున్న ఇళ్లన్నీ తిరిగాడట. పోలింగ్ రోజు పొద్దున్నే ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బండ్లు పెట్టి అందరినీ ఎక్కించుకొస్తానంటున్నాడు. "పట్నపోళ్ల ఓట్లు మనకు పడితే సాలు వదినా, ఊర్ల ఓట్లు ఎటువోయినా ఫికర్ లేదు" అని ఒకటే సంబరం. అతను అటు వెళ్లాడో లేదో నాకు కుదురు పోయింది.

"మీరు హైదరాబాదీలైపోయిన్రా, ఊరు యాదికున్నదా?" అని ఎగతాళి చేశావు. ఏమైపోయామో నాకే తెలియడం లేదు. ఊరికి వస్తే "పట్నపోళ్లు వచ్చిన్రు, కుర్సీ ఎయ్యిన్రి" అంటారు. ఇక్కడ గల్లీలో మాది జనగామోళ్ల ఇల్లు. పక్కది నల్గొండోళ్లది, ఎదురిల్లు సిద్దిపేటోళ్లది. ఎవరు ఏ ఊరు వదిలేసి వచ్చారో ఆ ఊరి పేరే వాళ్లకు మిగిలింది. హైదరాబాదీ అని ఎవరినీ అనగా నేను వినలేదు. ఆ మాట మూసీ అవతల పాతబస్తీ వాళ్లదని మా గల్లీ నమ్మకం.

పైన అద్దెకున్న రాజేశ్వరమ్మ గారిది రాజమండ్రి. ఆవిడ గోలా ఇదే. "ఇక్కడ మేం ఆంధ్రావాళ్లం, అక్కడికెళ్తే హైదరాబాదు వాళ్లమండీ. నన్ను నా పేరుతో పిలిచేది గ్యాసు బండ అబ్బాయొక్కడే" అంటారు. వాళ్లాయన విశ్వనాథం గారు ల్యాబులో చేసి రిటైరయ్యారు, ఏదడిగినా పుట్టుపూర్వోత్తరాలన్నీ తీస్తారు. ఊరి పేరు చివర ఉర్దూ వాళ్ల 'ఈ' చేరితే హైదరాబాదీ అయిందట. ముల్క్ అంటే దేశం కాబట్టి ఇక్కడివాళ్లను ముల్కీలన్నారట, ఆ ఒక్క మాట మీద ఒకప్పుడు పెద్ద గొడవలే అయ్యాయట. "మరి నన్నేమంటరు సార్?" అని అడిగాను. "మీరేమనుకుంటే అదేనమ్మా" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు. చదువుకున్నవాళ్లు సరిగ్గా అక్కడే తప్పించుకుంటారు.

సాయిప్రియకు జ్వరం ఎందుకు వచ్చిందని కూడా అడిగావు. జ్వరం వచ్చినప్పుడు నీకు నిజం చెప్పలేదు. వానాకాలంలో గల్లీలో మోరీ పొంగి మురుగునీళ్లు ఇంట్లోకి వచ్చాయి, పిల్ల ఆ నీళ్లలోనే తిరిగింది. దవాఖానాలో దాని చేతికి సెలైన్ ఎక్కుతుండగా ప్రశాంత్‌ను పక్కన కూర్చోబెట్టి, గల్లీ ఆడవాళ్లతో కలిసి మా వైపు లీడరు ఇంటికి పోయాను. అక్కడ తేజేష్ అనే అతను మా పేర్లు రాసుకుంటూ "అక్కా, మీ ఓటు యాడున్నది?" అన్నాడు. ఊర్ల ఉన్నదన్నాను. పెన్ను పక్కన పెట్టాడు. "మరి మోరీ సంగతి గూడ ఊర్లనే అడగాలె గద." అందరూ నవ్వారు, నాతో వచ్చినవాళ్లు కూడా. అరికాలి మంట నెత్తికెక్కింది, తిరిగి దవాఖానాకు వచ్చేశాను.

ఇక దాచను అత్తమ్మా. ఆ వారంలోనే నా ఓటు నాచారానికి మార్పించుకున్నాను. అప్పటికి నువ్వు నిలబడతావని ఎవరికి తెలుసు? మన ఊరి జాబితాలో ఇప్పుడు నా పేరు లేదు. ప్రశాంత్ పేరు అక్కడే ఉంది, వచ్చి వేస్తాడు. ఈ సంగతి నీకు చెప్పమంటే "నా వల్ల గాదు, నువ్వే జెప్పు" అన్నాడు. నువ్వేమో ఇంటింటా "నా కోడలు పట్నంల ఉన్నా ఓటు మన ఊర్లనే ఉంచుకున్నది" అని చెప్పుకుంటున్నావని ధీరజ్ మురిసిపోతూ చెప్పాడు. అవతలి పార్టీవాళ్ల దగ్గరా జాబితా ఉంటుంది. నలుగురిలో ఎవరో అది విప్పి చూపిస్తే నీ తల వంగుతుందని భయంగా ఉంది. ఉత్తరం అందగానే ఆ మాట అనడం ఆపేయి.

నీకు ఓటు వేయలేకపోతున్నందుకు బాధగా ఉంది, ఏడ్చాను కూడా. తప్పు చేశానని మాత్రం అనలేను. నా పిల్ల పడుకున్న ఇంట్లోకి మురికినీళ్లు వస్తే అడిగే నోరు నాకు కావాలి.

నువ్వు వద్దంటే తప్ప ఆ రోజు బండిలో నేనూ వస్తాను. ఓట్లు వేసే బడి దగ్గర అందరూ నా వేలికి సిరా ఉందా అని చూస్తారు. చూడనీ, నీ పక్కనే నిలబడతాను.

నీ కరపత్రం చాలాసార్లు చదివాను. రోడ్డు ఉంది, బోరు ఉంది, బతుకమ్మ ఆడే జాగా ఉంది. చెరువు కింద ఇటుక బట్టీల దగ్గర గుడిసెల్లో ఉండేవాళ్ల ఊసు లేదు. ఊరంతా వాళ్లను ఒరిస్సోళ్లు అంటుంది. నేనూ అట్లాగే అన్నాను, వాళ్లలో ఒక్కరి పేరూ ఎప్పుడూ అడగలేదు. వాళ్లకు మన ఊళ్లో ఓటు లేదు. నువ్వు గెలిచాక వాళ్లలో ఒక తల్లి మంచినీళ్ల కోసం నీ గడప ముందుకు వస్తే, ఓటు ఎక్కడుందని అడగకు అత్తమ్మా. పిల్ల ఎట్లున్నదని అడుగు.

ఇట్లు,
నీ కోడలు
స్వర్ణలత