వ్యాన్‌లోకి రాని కుంపటి

డిసెంబర్ 2009, మంగళవారం రాత్రి, ఊటీ

గది దొరకలేదు. ఈ రాత్రికి మేం గోదావరిఖని నుంచి వచ్చిన వ్యానే మా ఇల్లు. ఇంటి బొగ్గు సంచిలో తేవడం మంచిదైంది. రోడ్డు పక్కన కుంపటి రాజేసి, మనవరాలికి పాలు కాచాను.

"చంటిది వణుకుతున్నది అత్తమ్మా, కుంపటి లోపల పెట్టి అద్దాలు మూద్దాం" అంది కోడలు సరిత. నాకూ సరే అనిపించింది. మా ఆయన తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"మూసిన జాగల బొగ్గు కాలితే విషగ్యాస్ నిండ్తది. నిద్రల పాణం పోతే తెల్వది గూడ."

"బొగ్గుబాయిల డ్యూటీ ఇక్కడ గూడ చేస్తరా మామా?"

"డ్యూటీ అయితే షిఫ్టు దిగి ఇంటికి పోతుంటి బిడ్డా."

సరితకు కోపంలోనూ నవ్వొచ్చింది. కుంపటి బయటే ఆరిపోయింది.

కుంపటి లేకున్నా, గాలాడాలంటే కిటికీ కొంచెం తెరిచే ఉండాలట. ఆ సందుకూ పిల్లకూ మధ్య ఆయనే కూర్చుని కునుకు తీస్తున్నాడు. పిల్ల పాదాలు పట్టి చూశాను, వెచ్చగానే ఉన్నాయి. ఆయన వీపు మాత్రం మంచులా ఉంది. నా శాలువా కప్పాను. బొగ్గు దుమ్ముకు పట్టిన దగ్గు ఈ చలికి తిరగబెడితే...

కిటికీ మూయడానికి చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను.