సైటు చూసే మనిషి

రామి బాపుకు,

రజిత రాసేది. ఇక్కడ నేను, మన రామి, నీ యాడి, అదే మా అత్త ద్వాళి, అందరం పానం మంచిగనే ఉన్నం. అక్కడ భూపాలపల్లిల నువ్వు, నీకొచ్చిన కొత్త క్వార్టరు గూడ మంచిగున్నరని అనుకుంటున్న. ఫోను ఉండంగ ఈ కాయితాలేందే అని మీ అక్క కళావతి నవ్వుతది. ఫోన్ల నువ్వు సగం మాటకే "డ్యూటీ టైమైంది" అంటవు, నాకు కోపమొస్తది, ఇద్దరం కొట్లాడుకుంటం. కాయితమైతే మొత్తం చదువుతవు, అడ్డం రావు.

నువ్వు అడిగినయి ముందు చెప్త. రామికి దగ్గు తగ్గింది. అత్త మోకాళ్ళకు దేవరుప్పుల దవాఖానల గోలీలు ఇచ్చిండ్రు. వేసుకుంటలేదు, కొంగుకు ముడేసుకొని తిరుగుతంది. ఇగ "ఎప్పుడొస్తవు" అని అడిగినవు కద, దానికి జర ఆగు. ముందు సైటు సంగతి ఇను.

మా కుట్టు సంఘం పాత సైటు నువ్వు చూసిందే. అద్దాలు, గవ్వలు పెట్టి ఎవ్వలు ఏం కుట్టినా కింద "హస్తకళ" అని ఒక్కటే మాట. ఫోన్ల తెరిస్తె సగం బొమ్మే కనవడతది. కొత్తగ చేపిద్దామని జనగామల ప్రదీప్ దుకానానికి పోయిన. వెబ్‌సైట్లు చేసే పిలగాడు, మంచోడే. "కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టం ఏది కావాల్నో ముందు చెప్పక్కా" అన్నడు. అదేందంటే, సైటు ఎనక ఉండే వంటిల్లన్నట్టు. వచ్చినోళ్ళకు కనవడది గాని వండుడు, సదురుడు అంత అక్కన్నే. రెండు చూపెట్టిండు. ఒకటి అంత తయారుగున్నది. మనం బొమ్మలు పంపితె చాలు, మిగతాది ఆయనే చూస్కుంటడు. చూపుకు బంగారమే. ఇంకోదాంట్ల ఎవ్వలి పేజీ వాళ్ళే రాసుకోవచ్చు, గొంతు గూడ పెట్టొచ్చు. కాని దాన్ని చూసే మనిషి దగ్గర్నే ఉంటె మంచిదన్నడు.

మొదటిదాంట్ల భాష ఎంచుకోమంటె మన లంబాడి భాష లేనే లేదు. రెండోదాంట్ల "భాష పేరు రాయండి" అని ఖాళీ గడి ఉన్నది. అండ్ల తెలుగు అక్షరాలతోనే "గోర్ బోలి" అని రాసిన. రాసి ఊకె చూసుకుంట కూసున్న. బయట బస్సుల లొల్లి, నెత్తిమీద ఫ్యాను చప్పుడు, ఏదీ ఇనవడలే. చిన్నప్పుడు నాయినమ్మ ఒళ్ళె పండుకొని ఆమె ముచ్చట్లు ఇన్నట్టే అనిపిచ్చింది. "అక్కా, చాయ్ సల్లారుతంది" అని ప్రదీప్ అన్నదాక నేను ఆడ లేను.

నువ్వేమో పోయిన ఉత్తరంల "మొదటిదే తీస్కో, ఆ పిలగాడు చూస్కుంటడు, నువ్వు బయలెల్లు" అని రాసినవు. నేను రెండోదే కావాలన్న. సంఘం ముంగట నిలవడి "దీనికి మనిషి ఉండాలె, నేనుంట" అని గూడ అన్న. అందరు సప్పట్లు కొట్టిండ్రు.

ఇప్పుడు మా మధ్యాహ్నాలు చూస్తె నువ్వు గూడ డ్యూటీ మర్చిపోతవు. వాకిట్ల చాపలేసుకొని కుట్టుకుంట కూసుంటం. ఎండకు అద్దాలు మెరిసి గోడమీద, రామి మొఖం మీద ఎలుగు చుక్కలు ఆడుతయి. ఒక్కొక్కరు ఫోను దగ్గర పెట్టుకొని తన కుట్టు గురించి మన భాషల చెప్తరు. అత్త అయితే రవికె ముచ్చట మొదలువెట్టి తన పెండ్లినాటి ఎడ్లబండి దాక పోయింది. సగం నిద్రల ఇంటున్నట్టు ఉంటది. ఆ గొంతులన్ని ఇప్పుడు సైటుల ఉన్నయి.

నవ్వే ముచ్చట ఒకటి చెప్త. సైటు లోపలికి పోవాల్నంటె ప్రతొక్కరికి ఓ పాస్‌వర్డు ఉండాలె. "ఎవ్వలికీ ఎన్నడూ చెప్పని మాట పెట్టుండ్రి" అన్న. నీ యాడి ఓటరు కార్డు పక్కన పెట్టుకొని ఒక్కొక్క అక్షరం చూసి కొట్టింది. తెల్లారి లచ్చి, అదే మన ఎనకింటామె, మా సంఘంలనే ఉన్న మీ అక్క పేజీల జొరవడి బొమ్మ తీసేసి తన మేకపోతు ఫోటో పెట్టింది. ఎట్ల జొరవడ్డవే అంటె, "ఆడది నోటితోని ఎన్నడు అనని మాటంటె పెనిమిటి పేరే కద, నేను గూడ అదే పెట్టిన" అన్నది. చూస్తె అందరు అదే! ఎవ్వలి పెనిమిటి పేరు ఎవ్వలికి తెల్వదే? నవ్వి నవ్వి కడుపులు నొచ్చినయి. నేనేం పెట్టిన్నో అడగకు.

తర్వాత అయిందే నాకు తగిలింది. మీ అక్క తొర్రూరు కాడి తన తండా నుంచి పొద్దుగాలనే బస్సెక్కి వచ్చి, ఒక్కొక్కరిని పక్కకు తీస్కపోయి అందరి పాస్‌వర్డులు మార్పిచ్చింది. మేకపోతును ఎల్లగొట్టి తన బొమ్మ తెచ్చుకున్నది. ఏదో ఆగిపోతె ప్రదీప్‌కు ఫోను చేసి అడిగి తనే సరిచేసింది. నన్ను పిలువనే లేదు. నేను పోయేసరికి "రజితా, ఇగ నువ్వు నిమ్మలంగ తమ్మునికాడికి పో, మేం చూస్కుంటం" అన్నది. ప్రేమతోనే అన్నది పాపం. నేను ఇంటికొచ్చి అన్నం తినలే.

ఇగ దాచను. ఆ సిస్టం మన భాష కోసం అడిగిన మాట నిజమే. కాని దానికి నేనే ఉండాలె అని గట్టిగ అన్నది మాత్రం నీ కాడికి రాకుంట ఉండనీకి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అంత సైటు మీద పెట్టిన. ఎండకాలం నీ కాడ ఉన్నప్పుడు పగటిపూట నువ్వు పనిచేసే ఓపెన్‌కాస్టు బొగ్గుబాయిల పేలుడు అయితుండె కద. గిన్నెలు గలగలమంటుండె. పక్కింటామె బియ్యంల రాళ్ళు ఏరుకుంటనే "అలవాటైతది" అంటుండె. నేను మాత్రం నువ్వొచ్చేదాక తలుపు పట్టుకొని నిలవడుతుంటి. వచ్చినంక "ఆకలైతందా" అని అడుగుతుంటి, ఇంకేం అనకపోతుంటి. ఇక్కడికైతే ఆ చప్పుడు ఇనవడది. ఇనవడకుంటె నువ్వు మంచిగున్నట్టే అనుకొని దినాలు ఎల్లదీస్తున్న. నీ మీద ప్రేమ లేక కాదు, ఉండవట్టే గీ పరేషాను.

ఇప్పుడు ఏ సాకూ లేదు, భయమొక్కటే మిగిలింది. ధైర్యం వచ్చినంక వద్దామంటె అది వచ్చేటట్టు లేదు. అందుకే భయంతోనే వస్త. పేలుడు ఇని నేను ఏడ్సిననాడు నువ్వు గూడ "అలవాటైతది" అనకు, జర దగ్గర కూసో. ఐతారం నువ్వే వచ్చి మమ్ముల తీస్కపో. ఒక్కదాన్నే బస్సెక్కితె నడుమల దిగి మర్లొస్త.

ఇట్లు,
నీ బిడ్డ యాడి
రజిత