నా పేరు మీద కారు

జూన్ 3, మంగళవారం
ఫోనుకి మళ్ళీ చలానా. భీమవరం బైపాస్, అతివేగం. ఫొటోలో స్టీరింగు ముందు ఉన్నది తమ్ముడు కాదు. వాడి గుమస్తా. ఇది నాలుగోది. నాకు సైకిలు తొక్కడం కూడా రాదు.

జూన్ 4
తమ్ముడికి ఫోను చేశాను. రొయ్యల చెరువు గట్టు మీద ఉన్నాడు.
"చలానా నేను కట్టేస్తాలే అక్కా. చెరువులన్నీ నేనొక్కణ్ణే తిరగగలనా?"
గుమస్తాకి లైసెన్సు ఉందా అన్నాను. "వస్తుంది."
కారు నీ పేరుకి మార్పించుకోరా అన్నాను. నవ్వాడు. "నాకు వాహనయోగం లేదని సిద్ధాంతి గారు చెప్పబట్టే కదా నీ పేరు పెట్టాం. ఆరేళ్ళు బాగానే తిరిగింది. ఇప్పుడు కదపడం ఎందుకు?"
వాడి భార్య పద్మ జాతకమూ కుదరలేదు అప్పట్లో. నాది కుదిరింది. ఆరేళ్ళలో నేను అందులో ఎక్కింది రెండుసార్లు.

జూన్ 6, శుక్రవారం
మా గాజుల కొట్టుకి ప్లీడరు గారు వస్తే మా ఆయన ఈ చలానాల సంగతి అడిగారు.
"ఎవర్నైనా గుద్దితే కేసు బండి ఎవరి పేరునుంటే వాళ్ళ మీదకే వస్తుందండి. లైసెన్సు లేనోడికి ఇచ్చారంటే ఇన్సూరెన్సువాళ్ళు తిరిగి మీ దగ్గరే రాబడతారు."
వింటూ సర్దాను. రెండు డజన్లు వేరే సైజు పెట్టెలో పెట్టేశాను.

జూన్ 8, ఆదివారం
ఆయన తెల్లారే ఎటో వెళ్ళారు. మధ్యాహ్నం కారుతో వచ్చారు. రెండో తాళం మా బీరువాలోనే ఉంటుంది… కొన్నప్పుడు తమ్ముడే ఇచ్చాడు.
"వాడికి చెప్పారా?"
"మన బండి మనం తెచ్చుకోడానికి చెప్పేదేంటి? రేపు కోర్టు చుట్టూ తిరిగేది నువ్వా, వాడా?"
మన బండి. ఆ మాట ఈ ఇంట్లో ఇదే మొదలు.

జూన్ 9
తమ్ముడు పోలీసు స్టేషనుకి వెళ్ళాడట. పద్మ ఫోను.
"ఎస్సై గారు ఆర్సీ చూసి, ఓనరు తీసుకెళ్తే దొంగతనం ఎలా అవుతుందయ్యా అన్నారంట వదినా. అందరూ నవ్వారంట." ఆ వెంటనే, "కొన్నది ఈయనేనని మీకు తెలీదా?"
తెలుసన్నాను.

జూన్ 10
వాడు ఫోను ఎత్తడు.

జూన్ 11
ఎస్సై గారే ఫోను చేశారు. శనివారం నన్నూ తమ్ముణ్ణీ స్టేషనుకి రమ్మన్నారు. "కారు ఎవరిదో మీ నోటితో చెప్పెయ్యండమ్మా. రాసుకుని మూసేస్తాం."
ఆయన అంటారు: "నాదే అను. అబద్ధం కాదుగా."
కాదు.

జూన్ 12, గురువారం
తమ్ముడు వచ్చాడు. గుమ్మం ఎక్కలేదు. మంచినీళ్ళు ఇస్తే గ్లాసు పట్టుకుని వీధిలోనే నిలబడ్డాడు.
"నీ కారు అడగడానికి రాలేదక్కా. డిక్కీలో చెరువు నీళ్ళు పరీక్ష చేసే పెట్టె ఉంది. అదిచ్చెయ్యి, రైతులు అరుస్తున్నారు."
తాళం తెచ్చాను. డిక్కీ తెరవడం చేతకాలేదు. పక్కన నిలబడి చెప్పాడు — తిప్పు, నొక్కు, పైకెత్తు. తను మాత్రం చెయ్యి వెయ్యలేదు.
పెట్టె తీసుకుని, "ఎక్కడైనా సంతకం పెట్టాలా?"
"నోరు ముయ్యరా."
లోపల్నించి ఆయన, "భోంచేసి వెళ్ళమను." అప్పటికే సందు మలుపు తిరిగాడు.

జూన్ 13
పేరు మార్పు ఫారాలు నెట్ సెంటరులో తీయించాను. నా సంతకాలు పెట్టాను. ఖాళీగా ఇస్తే మళ్ళీ గుమస్తా ఎక్కుతాడు, పేరు నాదే ఉంటుంది. అందుకని కొనేవారి దగ్గర తమ్ముడి పేరు నేనే రాశాను. పక్కన వాడు సంతకం పెట్టాలి. పెడితేనే కారూ, ఈ తాళమూ.
పెట్టకపోతే… నాదే అనాలా?
ఆయనకి చూపించలేదు.

జూన్ 14, శనివారం. పొద్దున్న
ఆయన కారు తుడిచారు. అందులోనే వెళ్దామంటారు. స్టేషను ముందు ఆ కారులోంచి దిగితే, ఇక నన్ను అడగడానికేం ఉంటుంది?
నేను బస్సులో వస్తానన్నాను. ఫారాలు, తాళం, రెండూ నా సంచిలో వేసుకున్నాను.
ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కారు పక్కన నిలబడ్డారు. తాళం ఏదని రెండుసార్లు అడిగారు.